ఈశ్వరయ్య బ్యాంకాక్ చూసిన తీరు

బ్యాంకాక్ వచ్చి నాలుగు రోజులైనా ఈశ్వరయ్య నోటి నుంచి "బాగుంది" అన్న మాట ఒక్కటి రాలలేదు. ముప్పై ఏళ్లుగా స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎండుమిర్చి వ్యాపారం చేస్తున్న మనిషాయె. సరుకును మెచ్చుకుంటే ధర ఎక్కడ పెరుగుతుందోనని భయం. ఆ భయం గుడిలో దేవుడి ముందు నిలబడినా వదలదు మహానుభావుణ్ణి.

కూతురు వినీతకేమో ఆ ఒక్క మాట మీదే ప్రాణం. రెండేళ్లుగా ఆమె ఇక్కడ ఓడల కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఇంకో మూడేళ్లు ఉండమని కంపెనీవాళ్లు కాగితం చేతిలో పెట్టారు. సోమవారం లోపల సంతకం చేయాలి. ఫోన్‌లో తండ్రిని అడిగితే, "చూడకుంట సరుకు కొంటనా బిడ్డా? వచ్చి చూసినంక చెప్త" అన్నాడు. ఆయన వద్దంటే వినీత సంతకం పెట్టదు. ఆడపిల్లను దేశంకాని దేశం పంపుతావా అని అన్నదమ్ములూ, బజారూ ఒక్కటై మీదపడ్డ రోజున "నా బిడ్డ పోతది, ఎవనికేం నొప్పి?" అని ఒక్కడే నిలబడ్డాడాయన. అలాంటి మనిషి మనసు కష్టపెట్టి ఏ ఊళ్లో ఉంటే ఏం సుఖం?

అందుకే సెలవు పెట్టి మరీ తల్లినీ తండ్రినీ ఊరంతా తిప్పింది. పడవ ఎక్కించింది. గుళ్లు చూపించింది. పడుకున్న బుద్ధుణ్ణి చూసి తల్లి లక్ష్మీకాంతమ్మ, "మన రంగనాయకస్వామి లెక్కనే పండుకున్నడు తండ్రి" అని చెంపలు వేసుకుంది. ఆకాశాన్నంటే మేడ పైన అద్దాల నేల మీద నిలబెడితే, "ఓయమ్మో, కాళ్ల కింద ఏం లేదేందే!" అని కూతురి జబ్బ గట్టిగా పట్టుకుంది. ఈశ్వరయ్య వంగి ఆ అద్దాన్ని వేలితో తట్టి, "మందం ఎంతుంటది?" అని అడిగాడు. అంతే.

నాలుగో రోజు సాయంత్రం, భార్య వండిన పప్పన్నం తింటూ ఆయనే నోరు విప్పాడు.

"బిడ్డా, నాలుగు దినాల సంది నువ్వు నాకు గోనె మూతి చూపిస్తున్నవ్. మూతికాడ ఎవ్వడైనా మంచికాయనే పెడ్తడు. జఫర్‌గఢ్ రైతు పెడ్తడు, నేను సుత పెడ్త. అడుగు సూపియ్యి."

"అడుగంటే ఏంది నాయినా?"

"నువ్వు రోజు కూరగాయలు ఏడ కొంటవ్? గాడికి తీస్కపో."

చూపించకూడదని వినీత మొదటి రోజు నుంచీ జాగ్రత్తగా తప్పించుకుని తిరుగుతున్న చోటు అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే పోయారు. ఆ రాత్రికే తల్లిదండ్రుల తిరుగు విమానం. బజారు నిండా బురద నీళ్లు, చేపల వాసన, బండ్లవాళ్ల అరుపులు. లక్ష్మీకాంతమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఈశ్వరయ్యకు మాత్రం నాలుగు రోజుల తర్వాత ప్రాణం లేచివచ్చింది. బస్తాలు చూశాడు, తక్కెడలు చూశాడు, హమాలీల నడక చూశాడు. ఒక దుకాణం ముందు ఎండుమిర్చి గంప, గోపురంలా పేర్చి కనబడింది. ఇంకేముంది! ముప్పై ఏళ్ల అలవాటు ఆగుతుందా? వద్దు నాయినా అని వినీత అనేలోపే ఆయన చెయ్యి మోచేతి దాకా గంపలో దిగిపోయింది. అడుగు నుంచి పిడికెడు లాగి, ఒక కాయ విరిచి, వాసన చూసి, రెండు గింజలు నమిలాడు. గంప ఒరిగింది. మిర్చి మొత్తం బురదలో పడింది.

దుకాణం లోపలి నుంచి ఒకావిడ గయ్యిమంటూ వచ్చింది. నోయ్ అని, యాభై ఏళ్ల మనిషి. నడుముకు నీలం ముందుగుడ్డ కట్టుకుని ఉంది. వెనక ఆమె మొగుడు వెల్లుల్లి ఒలుస్తున్నవాడు ఒలుస్తూనే తిట్లందుకున్నాడు. ఈశ్వరయ్య జీవితంలో మొదటిసారి బజారులో తిట్లు తింటూ, ఒక్క ముక్క అర్థం కాక నిలబడ్డాడు.

వినీత మోకాళ్ల మీద కూర్చుని మిర్చి ఏరుతూ, ఈయన మా నాన్న అని థాయ్‌లో చెప్పింది. నోయ్ తిట్టు సగంలో ఆగిపోయింది. కోపం పోయి రెండు చేతులూ జోడించింది. తర్వాత ఈశ్వరయ్య వైపు తిరిగి, సైగలతో మొదలుపెట్టింది. వినీత నుదుటి మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది, కాలినట్టు. తొమ్మిది వేళ్లు చూపించింది. మెట్లెక్కుతున్నట్టు, గిన్నె మోస్తున్నట్టు, చెంచాతో తాగిస్తున్నట్టు చేసి చూపించింది.

"చాలు, చెప్పకు" అని వినీత థాయ్‌లో బతిమాలుతూనే ఉంది. సైగలకు భాషతో ఏం పని?

"జరమా?" అన్నాడు ఈశ్వరయ్య. "ఎప్పుడొచ్చింది బిడ్డా?"

ఇక దాచేదేముంది. "పోయిన వానకాలం నాయినా. డెంగీ. ఈమెనే దవాఖానకు తీస్కపోయింది. తొమ్మిది దినాలు, రెండు పూటల నాలుగంతస్తులెక్కి జావ తెచ్చి తాగిచ్చింది. మీకు చెప్తే వాపస్ రమ్మంటరని చెప్పలే."

"ఓ నా తల్లీ! రోజు ఫోన్‌ల మాట్లాడితివి గదనే!" లక్ష్మీకాంతమ్మ అక్కడే ఏడ్చేసింది.

అయిపోయింది, అనుకుంది వినీత. తండ్రి ముఖం వైపు చూసే ధైర్యం లేక బురదలో మిరపకాయలే చూస్తూ కూర్చుంది. ఇంకో టికెట్ కొనమంటాడు, ఈ రాత్రికే వెంట తీసుకుపోతాడు.

ఈశ్వరయ్యా గొంతుక్కూర్చుని, పడ్డ కాయలన్నీ ఏరి, ఒక్కొక్కటీ తన భుజం మీది తువ్వాలతో తుడిచి గంపలో వేశాడు. లేచి పక్క కొట్టుకు పోయి సంచి నిండా బియ్యం, రెండు కొబ్బరికాయలు కొనుక్కొచ్చాడు.

"కాంతమ్మా, పసుపు ఉన్నదా నీ సంచిల?"

ఎవరింటికి పోయినా బొట్టు పెట్టి చేతిలో పెట్టడానికి పసుపు, కుంకుమ, రవికె బట్ట సంచిలో లేకుండా ఆమె గడప దాటదు. భర్త ఏమనుకుంటున్నాడో అర్థమై కళ్లు తుడుచుకుంది. బియ్యంలో పసుపు కలిపింది. నోయ్‌కు కుంకుమ బొట్టు పెట్టి, ఆమె కట్టుకున్న ముందుగుడ్డ రెండు కొసలూ ఆమె చేతులకే ఇచ్చి పట్టుకోమంది. అందులో రవికె బట్ట వేసి, కొబ్బరికాయలు పెట్టి, దోసిలి దోసిలిగా బియ్యం పోసింది. చుట్టూ దుకాణాలవాళ్లు మూగారు. నోయ్ బిత్తరపోయి వినీతను చూసింది.

"మా దగ్గర పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఇట్లా ఒళ్లో బియ్యం పోస్తారు" అని వినీత థాయ్‌లో చెప్పింది. "నువ్వు మా నాన్నకు చెల్లెలివయ్యావు."

ఈశ్వరయ్య నోయ్‌కు దండం పెట్టాడు.

"నా బిడ్డను బతికిచ్చినవ్ చెల్లె. నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. కూతురి వైపు తిరిగాడు. "ఒడిబియ్యం ఒక్కపారి పోసి ఇడిచిపెట్టేది కాదు. మూడేండ్లకు మళ్ల పొయ్యాలె. మూడేండ్లకు మేం వస్తమని చెప్పు ఆమెకు."

వినీత చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది. "నాయినా, మూడేండ్లకు అంటే..."

"ఔ మరి. నువ్వు ఈడ లేకుంటే మా చెల్లె మాట మాకెవరు చెప్తరు? సంతకం పెట్టు బిడ్డా."

వినీత బజారని కూడా చూడలేదు. తండ్రి భుజానికి ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఒడి నిండా బియ్యంతో కదల్లేక నిలబడ్డ నోయ్, ఏమన్నాడు మీ నాన్న, ఏమన్నాడు అని అడుగుతూనే ఉంది.