సీరియలు మార్చిన తబితా

రెండేళ్ళపాటు తబితా ఆదివారం ఆరాధనకు సరిగ్గా పోలేదు. జమ్మలమడుగు చర్చిలో ఆ కుటుంబానికి తాతల కాలం నుంచి రెండో వరుస బెంచీ ఖాయం. ఇప్పుడు ఆ బెంచీ మీద తల్లి రెబెకా ఒక్కతే కూర్చుంటోంది. పాటలు మొదలయ్యే వేళకు తబితా ముద్దనూరు దాటి పులివెందుల బస్సులో ఉండేది. వారంలో ఆరు రోజులు ఎర్రగుంట్ల దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆమె మెకానికల్ ఇంజనీరు. ఏడో రోజు, ఉద్యోగం చేసే ఇంజనీర్ల కోసం పులివెందులలో ఒక కాలేజీ వాళ్ళు పెట్టిన మేనేజ్‌మెంటు పీజీలో విద్యార్థిని.

"మిషన్లు బాగుచేసేదానికి ఇంకా ఏం సదువే నీకు?" అని రెబెకా సణిగేది.

"మిషన్లు బాగనే ఉండాయిమ్మా. పని జరిగే తీరే బాగలేదు" అనేది తబితా.

ఆఖరి సెమిస్టరులో ఎవరికి వాళ్ళు తాము పనిచేసే చోటే ఒక ప్రాజెక్టు చెయ్యాలి. తబితా ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిన తలనొప్పి లారీలే. సిమెంటు బస్తాల కోసం వచ్చిన లారీలు గేటు బయట రోడ్డు పొడవునా నిలబడిపోయేవి. ప్యాకింగ్ ప్లాంటుకు పెద్ద అయిన ఆదినారాయణ రెడ్డి ఇంకో ప్యాకింగ్ మిషను కావాలని పైవాళ్ళకు అప్పటికే రాశాడు.

"ఆ మిషను ఎందుకు కావల్నో నీ ప్రాజెక్టులో రాయి తల్లీ. నీకు మార్కులొస్తాయి, నాకు సాయమైతాది" అన్నాడాయన.

తబితాకు అది బాగానే తోచింది. కానీ పాఠం చెప్పే సుధారాణి మేడం ఒప్పుకోలేదు. ఆవిడ ప్రొద్దుటూరు మనిషి, ఇరవై ఏళ్ళు ఫ్యాక్టరీలలో పనిచేసి ఆ తర్వాత పాఠాలకు వచ్చింది.

"జవాబు ముందే రాసుకొని లెక్క చేస్తానంటావా? ఒక లారీ వెంట గేటు లోపలికి పో. అది బయటికి వచ్చేదాకా దాన్ని వదలొద్దు" అంది.

ఆ సోమవారం సెలవు పెట్టి తెల్లవారి ఆరింటికి తబితా నోటుపుస్తకంతో గేటు దగ్గర నిలబడింది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన షాహుల్ లారీ ఎక్కి కూర్చుంది. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళుగా స్టీరింగు పట్టినవాడు.

"యాడికి మేడం?" అన్నాడు నవ్వుతూ.

"నువ్వు యాడికి పోతే ఆడికే మామా."

లారీ బయటికి వచ్చేసరికి సాయంత్రం మూడు నలభై అయింది. అంటే తొమ్మిది గంటల నలభై నిమిషాలు. అందులో బస్తాలు ఎక్కించడానికి పట్టింది ముప్పై ఎనిమిది నిమిషాలే! తక్కినదంతా ఎదురుచూపే. తబితా తన రాతను రెండుసార్లు సరిచూసుకుంది. తర్వాత మూడు వారాలు, డ్యూటీకి ముందూ వెనకా, గేటు దగ్గరా మిషను దగ్గరా నిలబడి అరవై లారీల నిమిషాలు రాసుకుంది.

అప్పుడు విషయం బయటపడింది. ఫ్యాక్టరీలో రెండు రకాల సిమెంటు తయారవుతుంది. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారాలంటే మిషను ఖాళీ చేసి, శుభ్రం చేసి, వేరే సంచులు పెట్టాలి. మారిన ప్రతిసారీ ఇరవై ఐదు నిమిషాలు పోతాయి. లారీలను వచ్చిన వరుసలోనే లోపలికి పిలుస్తున్నారు కాబట్టి రోజుకు పద్నాలుగు సార్లు మార్చవలసి వస్తోంది. దాదాపు ఆరు గంటలు మిషను ఉత్తపుణ్యానికి ఆగిపోతోంది.

ఒక రకం లారీలన్నిటినీ ఒకేసారి పిలిస్తే సరిపోతుంది. కొత్త మిషను అక్కరలేదు.

ఆదినారాయణ రెడ్డి ముఖం ముడుచుకున్నాడు గాని, కాగితం మీది అంకెలను కాదనలేకపోయాడు. "సరే, ఒక్క రోజు చేసి చూడు" అన్నాడు.

నాలుగో తేదీ పెట్టుకున్నారు. పొద్దున పది దాకా అంతా సజావుగా నడిచింది. తమ వెనక వచ్చిన పన్నెండు లారీలు తమను దాటి లోపలికి పోవడం మిగతా డ్రైవర్లు చూస్తూనే ఉన్నారు. పదమూడోది కదలబోయేసరికి ఒకతను తన లారీని గేటుకు అడ్డంగా పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు.

"ముందొచ్చినోడు ముందు పోవల్ల! ఇదేం న్యాయం?" అని అరిచాడు. వెనక హారన్లు మోగాయి. రెండు గంటలు ఒక్క బస్తా కదల్లేదు.

ఆదినారాయణ రెడ్డి అందరి ముందే తబితాను నిలబెట్టి అడిగాడు. "సదువుకున్నదానివి, ఇదేనా నువ్వు నేర్చుకొనింది?"

తబితా తల దించుకోలేదు. "తప్పు నాదే సార్. ఈళ్ళకు ముందే చెప్పకపోతి" అంది. ఆ మాట డ్రైవర్లకూ వినిపించేట్టు గట్టిగానే అంది. ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగింది. "ముందు ఈళ్ళను ఒప్పించుకో, తర్వాత చూద్దాం" అన్నాడాయన.

మర్నాడు ఆమె గేటు ఎదురుగా ఉన్న మాబున్ని అనే ఆమె నడిపే టీకొట్టులో డ్రైవర్ల మధ్య బెంచీ మీద కూర్చుంది. తన లెక్కలు వాళ్ళ ముందు పెట్టింది. షాహుల్ గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"మేడం, కాసుకోని ఉండేది మాకు కొత్త గాదు. ఎప్పుడు పిలుస్తారో తెలీకుండా ఉండేదే కష్టం. బండి ఇడిసి అన్నానికి పోయినామంటే సీరియలు పాయె, వరసలో మా వంతు పాయె. ఈ రకానికి ఈ టైము, ఆ రకానికి ఆ టైము అని బోర్డు రాసి పెట్టు. మా టైముకు మేమొస్తాం. అంతదంకా ఇంటికాడ ఉంటాం."

"ఆ టైములో ఎవురు ముందు?" అని లారీ అడ్డం పెట్టినతనే అడిగాడు.

"ఆ రకంలో ముందొచ్చినోడే ముందు. సీరియలు మనోడే రాస్తాడు, గేటు గుమాస్తా గాదు" అన్నాడు షాహుల్.

తబితా పెన్ను తీసింది. ఇన్ని వారాలు ఆమె లారీల నిమిషాలు రాసుకుంది. డ్రైవరు ఆ నిమిషాల్లో ఎట్లా ఉంటాడో రాసుకోలేదు.

రెండో ప్రయత్నం వారం రోజులు నడిచింది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నాలుగేసి గంటల వంతులు పెట్టారు. రోజుకు పద్నాలుగు సార్లు మారే మిషను నాలుగు సార్లే మారింది. లారీ లోపలికి వచ్చి పోవడానికి సగటున నాలుగున్నర గంటలు పట్టింది. ఏడో రోజు మధ్యాహ్నం ఆదినారాయణ రెడ్డి గేటు బయటికి వచ్చి ఖాళీ రోడ్డును చాలాసేపు చూశాడు. కొత్త మిషను కోసం రాసిన కాగితాన్ని ఆయనే వెనక్కి తీసుకున్నాడు.

రిపోర్టు రాసేటప్పుడు తోటి విద్యార్థి పవన్ మంచి మనసుతోనే సలహా ఇచ్చాడు. "ఆ నాలుగో తేదీ ఎందుకు? తీసేయ్. వైవాలో దాన్నే పట్టుకుంటారు."

తబితా తీసేయలేదు. ఆ రోజుకు రెండు పేజీలు ఇచ్చింది. ఇంగ్లీషు రిపోర్టు మొదట్లో కృతజ్ఞతల పేజీ మాత్రం తెలుగులో రాసింది. కాలేజీ ఆఫీసులో గుమాస్తా అభ్యంతరం చెబితే సుధారాణి మేడమే దాని మీద సంతకం పెట్టింది.

పులివెందులలో వైవా రోజు, పరీక్ష చెయ్యడానికి బయటి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెద్దాయన పేజీలు తిప్పుతూ సరిగ్గా అక్కడే ఆగాడు.

"నాలుగో తేదీన మీ లెక్కలో ఏం తప్పు జరిగింది?"

"లెక్కలో తప్పు లేదు సార్. ఆ లెక్క ప్రకారం నడుచుకోవలసిన మనుషులను నేను అడగలేదు."

"అడిగాక?"

"నా ఆలోచన కంటే మంచి ఆలోచన వాళ్ళ దగ్గరే ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి సుధారాణి మేడం వైపు తిరిగాడు. "ఈ అమ్మాయిని మా ఫ్యాక్టరీకి ఒకసారి పంపండి. మా వాళ్ళకు పాఠం చెప్పాలి" అన్నాడు. ఆ బ్యాచిలో మొదటి మార్కు ఆమెదే.

ఆ తర్వాతి సోమవారం ఆమె రిపోర్టు పట్టుకుని టీకొట్టుకు పోయింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. డ్రైవర్లు చేతులు తుడుచుకుని ఒకరి తర్వాత ఒకరు పట్టుకు చూశారు. ఇంగ్లీషు పేజీలు తిప్పేసి తెలుగు పేజీ దగ్గర ఆగారు. షాహుల్ దాన్ని వెలుతురుకు పెట్టి, అందరికీ వినపడేట్టు నెమ్మదిగా చదివాడు.

"'ఈ పనిలో నాకు పాఠం చెప్పినవారు: షాహుల్ హమీద్, లారీ డ్రైవరు, ప్రొద్దుటూరు...'"

తన పేరు మీద ఒకసారి వేలు పెట్టి, పుస్తకాన్ని పక్కవాడికి ఇచ్చాడు. మిగిలిన పదకొండు పేర్లు అతను చదివాడు. లారీ అడ్డం పెట్టినతని పేరు కూడా అందులో ఉంది.

"ఏందప్పా, కాలేజీ పుస్తకంలో మన పేర్లా!" అన్నాడతను.

"మీవి లేకుంటే నాది యాడుంటాది?" అంది తబితా. మాబున్ని ఇచ్చిన టీ తాగి, వాళ్ళ మధ్యే నిటారుగా కూర్చుంది.