సెకనుకి అరవై బొమ్మలు

కళ్ళద్దాల షాపాయనకి ఆ కంప్యూటర్ బావమరిది ఇచ్చాడు. ఇచ్చినవాడు ఊరుకోకుండా ఒక మాట కూడా జత చేశాడు. తను కొత్తది కొనుక్కుని, పాతదాన్ని అట్టపెట్టెలో తెచ్చి హాల్లో దించి, చేతులు దులుపుకుంటూ, "మెయిల్ చూసుకోడానికీ సినిమాలు చూసుకోడానికీ బానే ఉంటుంది బావా. ఆటల విషయంలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకు," అన్నాడు.

ఆ మాట అనకపోయి ఉంటే ఆయన నిజంగానే మెయిల్ చూసుకుని ఊరుకునేవాడు.

ఆయనకి ఆటల పిచ్చేమీ లేదు. కాకపోతే చిన్నప్పుడు ఎదురింట్లో టీవీకి తగిలించి ఆడే ఒక కన్సోల్ మీద చూసిన ఆట ఒకటి మనసులో ఉండిపోయింది. దీపస్తంభం కాపలాదారు కూతురు పడవేసుకుని దీవి నుంచి దీవికి వెళ్లి, ఆరిపోయిన దీపాలన్నీ మళ్ళీ వెలిగించే ఆట. ఆ కన్సోల్ ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు. కానీ కంప్యూటర్ చేత ఆ కన్సోల్ వేషం కట్టించే ప్రోగ్రాం ఒకటి ఉంటుందని, దాన్ని ఎమ్యులేటర్ అంటారని షాపుకొచ్చిన ఒక కాలేజీ లెక్చరరు, చత్వారం అద్దాలు సరిచూసుకుంటూ చెప్పాడు. ఆట డిస్కు పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే కూర్చున్నాడు.

ఆట మొదలైంది గానీ, అది ఆటలా లేదు. ఆ పిల్ల మోకాలి లోతు బురదలో నడుస్తున్నట్టు అడుగు తీసి అడుగు వేస్తోంది. పాట సాగి సాగి ఏడుపులా వినిపిస్తోంది. తెర మూలన పచ్చరంగులో ఒక అంకె ఉంది. సెకనుకి ఎన్ని బొమ్మలు తెర మీద పడుతున్నాయో అది చెబుతుంది. వాటినే ఫ్రేములు అంటారు. ఆట సరిగ్గా నడవాలంటే అక్కడ అరవై ఉండాలి. పద్దెనిమిది ఉంది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఫ్రేముల మధ్యే బతుకుతున్న మనిషి ఆయన. షాపు గోడల నిండా అవే. ఇంకో రకం ఫ్రేములు తనకి లొంగకపోవడం ఆయనకి అవమానంగా తోచింది.

అప్పటికి ఆయన భార్య కాలికి ప్లాస్టరుతో ఇంట్లోనే ఉంది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఒంటికాలి మీద పడిపోకుండా ఎలా నిలబడాలో ఒక పేషెంటుకి చేసి చూపిస్తూ తనే పడి చీలమండ విరగ్గొట్టుకుంది. ఆ పేషెంటు మాత్రం పడిపోకుండా నిలబడి సాయం కోసం కేకేశాడట. దాంతో పగలంతా ఇంట్లో ఆవిడా, అత్తగారూ. ఆ అత్తగారు, అంటే షాపాయన తల్లి, చూసే సీరియల్ అంతకు కొద్దిరోజుల ముందే అయిపోయింది. ఇద్దరికీ తోచడం లేదన్న సంగతి షాపాయన చెవిన పడుతూనే ఉండేది గానీ, చెవి దాటి లోపలికి వెళ్ళలేదు. లోపల ఫ్రేములున్నాయి.

ఆయన పద్ధతిగా పనిలోకి దిగాడు. రోజూ షాపు కట్టేసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ముందు చూస్తే అది కరెంటు ఆదా చేసే పద్ధతిలో సగం శక్తితోనే పనిచేస్తోంది. పూర్తి శక్తికి మార్చాడు. తర్వాత డబ్బా విప్పి, ఫ్యాన్‌కి పట్టిన దుమ్ము లెన్సులు తుడిచే బ్రష్షుతో దులిపాడు. ప్రాసెసర్ వేడెక్కకుండా రాసే పేస్టు ఎండి సున్నంలా పెచ్చులు ఊడొస్తుంటే, గోకేసి కొత్తది రాశాడు. అంకె ఇరవై ఆరైంది. బొమ్మల సైజు అసలు కన్సోల్‌లో ఉన్నంతకి తగ్గించాడు. ముప్పై నాలుగు. ఉన్న మెమరీ కార్డుకి జతగా ఇంకోటి తగిలించాడు. నలభై రెండు. ప్రతిసారీ ఆట తెరిచి చూడటం, ఒక మీట మార్చడం, మళ్ళీ చూడటం. షాపులో జనాన్ని కూర్చోబెట్టి "ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా" అని లెన్సులు మార్చి మార్చి అడిగినట్టే, ఇంట్లో తనని తనే అడుక్కునేవాడు.

పరీక్షంతా ఒకే చోట జరిగేది. ఆట మొదట్లో ఒక రేవు వస్తుంది. పడవలు, వలలు, కొంగలు, నీళ్ళ మీద మెరుపులు, అన్నీ ఒకేసారి గీయాలి కాబట్టి కంప్యూటర్‌కి అక్కడే చెమటలు పడతాయి. అందుకని సరిగ్గా ఆ రేవులోనే ఆటని ఆపి దాచుకుని, రోజూ అక్కడే తెరిచేవాడు. పిల్లని మెట్ల దాకా పరిగెత్తించి, వెనక్కి తెచ్చి, గుండ్రంగా తిప్పి, అంకె చూసి ఆపేసేవాడు. ఆ రేవులో ఏ రాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. రేవు దాటితే ఏముందో మాత్రం తెలీదు.

ఫోన్లో బావమరిదితో రోజూ ఇదే గోల. "ఫ్రేములు నలభై రెండు నుంచి ముప్పైకి పడిపోయాయిరా," అని ఈయన బాధపడుతుంటే విని, షాపులో అద్దాల స్టాండు కూలిందనుకుని తల్లి ఒకసారి కంగారుపడింది. అలాంటిదేం లేదని కోడలు సర్దిచెప్పింది.

ఆ పడిపోవడం ఒక్కటే ఆయనకి అంతుపట్టలేదు. రాత్రి పడుకునే ముందు అన్నీ సరిచేసి పెడతాడు, మర్నాడు సాయంత్రం వచ్చి తెరిస్తే కంప్యూటర్ రొప్పుతూ ఉంటుంది. చూస్తే బ్రౌజర్ తెరిచే ఉంటుంది, అందులో పది పన్నెండు పేజీలు, ఒక్కోదాంట్లో ఒక్కో వీడియో గొంతు మూసుకుని ఆడుతూ ఉంటుంది. ఒకదాంట్లో పెళ్లి వీడియో, ఒకదాంట్లో వానపడుతున్న అడవి, ఇంకోదాంట్లో ఎవరో గోడకి రంగు వేస్తుంటారు. చూశాక కట్టేయొచ్చు కదా అని భార్యని అడిగితే, మర్చిపోయానండీ అంది. ఆ మర్నాడూ మర్చిపోయింది. అసలు ఆవిడ సామాన్యంగా ఏదీ మర్చిపోయే మనిషి కాదు. నొప్పి మాత్రల వల్ల కాబోలని ఆయన జాలిపడ్డాడు.

తల్లి కూడా ఆ రోజుల్లో కాస్త వింతగా మాట్లాడేది. అన్నం తింటుండగా ఒకసారి, "ఒరేయ్, ఆ మిషన్ని ఇంక కెలక్కుండా ఉంచలేవా? మొన్నటిదాకా బానే ఉండేది," అంది. కరెంటు బిల్లు భయం అనుకుని, దానికేం అంత కాలదులేమ్మా అని ధైర్యం చెప్పాడు. తల్లి కోడలి వైపు చూసింది. కోడలు పెరుగు వడ్డించింది.

చివరికి బొమ్మలు గీసే పద్ధతినే మార్చి, తెర వెనక తనకి తెలీకుండా నడుస్తున్న బావమరిది నాటి చెత్త ప్రోగ్రాములన్నీ పీకేశాక, ఒక సాయంత్రం రేవులో అంకె అరవై దగ్గర నిలబడింది. పిల్లని పరిగెత్తించాడు, అరవై. కొంగలన్నిటినీ ఒక్కసారి లేపాడు, అరవై. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. వెంటనే బావమరిదికి ఫోన్ చేసి, ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. అవతలివాడికి అర్థమైంది.

ఆదివారం బావమరిది వచ్చి, అక్క ప్లాస్టరు మీద సంతకం పెట్టి, కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కున్నాడు. సోఫాలో భార్య స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంది, పక్కన తల్లి. షాపాయన పెళ్ళికూతుర్ని చూపించినంత మురిపెంగా రేవు చూపించాడు. బావమరిది ముందుకు వంగి అంకె చూశాడు, వెనక్కి వాలి పిల్లని చూశాడు, మళ్ళీ అంకె చూశాడు.

"ఒప్పుకున్నాను బావా. ఈ డబ్బాలో ఇంత ఉందని నేననుకోలేదు," అన్నాడు.

ఆ మాట కోసం ఎన్ని సాయంత్రాలు ధారపోశాడో ఆయన. ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"సరే, పడవెక్కు. సముద్రంలో ఎలా ఉందో చూద్దాం."

షాపాయన పిల్లని పడవ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎక్కలేదు. ఇంకో పడవ దగ్గరికి వెళ్ళాడు, అదీ ఎక్కలేదు. మెట్లెక్కాడు, దిగాడు, ఒక పీపా చుట్టూ తిరిగాడు. చెవులు వేడెక్కుతున్నట్టు ఆయనకి తెలుస్తోంది.

"వలలు అల్లే ఆవిణ్ణి అడగాలి నాన్నా," అంది వెనక నుంచి తల్లి. "ఆవిడ దగ్గర తెడ్డుంటుంది. ముందు ఆవిడ పిల్లిని వెతికిపెట్టాలి. చేపల బుట్ట వెనకుంటుంది."

షాపాయన కుర్చీతో సహా వెనక్కి తిరిగాడు.

భార్య కాసేపు ప్లాస్టరు వైపు చూసి, ఇక దాచి లాభం లేదనుకుందేమో, "రెండో నంబరులో దాచిన ఆట తెరవండి," అంది.

ఆయన ఎన్నడూ చూడని చోటది. తెరిస్తే చిట్టచివరి దీవి. వెనక సముద్రం మీద దూరదూరంగా దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఒక్కటి తప్ప. పిల్ల ఒంటి మీద కొత్త కోటుంది. పడవకి తెరచాపలు రెండున్నాయి. ఒక ముసలి నావికుడు ఎదురొచ్చి ఏదో చెప్పబోయాడు. మాటలు తెర మీద అక్షరాలుగా ఇలా పడి అలా మాయమయ్యాయి.

"చూశావా," అంది తల్లి, ఎవరినీ కాకుండా తెరనే తప్పుపడుతూ. "ఏమన్నాడో అమ్మాయిని చదవనివ్వలేదు."

అప్పుడు భార్య మొత్తం చెప్పింది. ఆయన షాపుకి వెళ్ళగానే ఇద్దరూ కూర్చునేవాళ్ళట. ఆట ఆడేది కోడలు, తెర మీద పడే ఇంగ్లీషు మాటల్ని తెలుగులో అత్తగారికి చెప్పేదీ కోడలే. దారులు గుర్తుపెట్టుకునేది అత్తగారు. మొదట్లో ఎంతో హాయిగా ఉండేదట. నావికుడు ఒక మాటంటే, అది చదివి చెప్పి, వాడు మంచివాడా దొంగా అని ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చేదాకా ఆ మాట తెర మీద ఉండేది. తుఫానులో అల వస్తుంటే, అదిగో వస్తోందని అత్తగారు చెప్పాక కూడా తప్పుకునే టైముండేది. తర్వాత్తర్వాత ఆ పిల్లకి ఏం పట్టిందో, రోజురోజుకీ దూకుడు ఎక్కువైపోయిందట.

"ఆట ముందుకెళ్ళేకొద్దీ కష్టమవుతుంది కాబోలు అనుకున్నాం. ఒకరోజు మోకాలి వ్యాయామం వీడియో ఒకటి తెరిచి ఉంచి ఆడితే మళ్ళీ నెమ్మదించింది. ఇంకోటి తెరిస్తే ఇంకా నెమ్మదించింది. ఇక అప్పట్నుంచీ…"

మిగతాది చెప్పక్కర్లేకపోయింది. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. షాపాయన లేచి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు.

స్టవ్ వెలిగించి, గిన్నెలో నీళ్ళు పోసి, అవి మరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. కోపం రావడానికి తగిన కారణం కోసం వెతికాడు గానీ, ఒక్కటీ సరిపడా దొరకలేదు. వాళ్ళు ఆయన దగ్గర్నుంచి ఏమీ లాక్కోలేదు. ఆయన వదిలేసింది తీసుకున్నారు, అంతే. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి సముద్రమంతా తిరిగి దీపాలు వెలిగిస్తుంటే, తను ఒక రేవులో పిల్లని బొంగరంలా తిప్పుతూ కూర్చున్నాడు. వాళ్ళు ఒక్కసారన్నా చెప్పలేదేం అనిపించింది. చెబితే తను వినేవాడా అని కూడా అనిపించింది. ఈ రెండోది ఎక్కువ గుచ్చుకుంది.

బావమరిది నవ్వు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. కాసేపు చక్కెర డబ్బా మూత తిప్పుతూ ఉండి, నెమ్మదిగా అన్నాడు.

"నా కొత్త మిషన్ మీద ఏ ఆట పెట్టినా నూట నలభై వస్తుంది బావా. ఎలా వస్తుందో చూడటానికే పెడతాను. చూసి తీసేస్తాను. కొన్నాక ఒక్క ఆట కూడా పూర్తి చెయ్యలేదు. అక్కకి చెప్పకు."

అది విన్నాక ఆయనకి ప్రాణం కొంచెం కుదుటపడింది. పక్కవాడికి కూడా అదే జబ్బుందని తెలిస్తే వచ్చే ఊరట అది, గొప్పదేం కాదు.

టీ గ్లాసులు అందరికీ ఇచ్చి, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుని సెట్టింగులు తెరిచాడు. ఆట వేగాన్ని ఇంత శాతమని కట్టేసే మీట ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ అదెందుకుందో, ఏ బుద్ధిలేనివాడికి పనికొస్తుందో ఆయనకి తెలీలేదు. దాన్ని సగానికి దించాడు. ముసలి నావికుణ్ణి మళ్ళీ పిలిచి, "ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?" అని తల్లిని అడిగాడు.

"ఇంకాస్త," అంది తల్లి.

ఇంకాస్త దించాడు. నావికుడి మాట తెర మీద నింపాదిగా నిలబడింది. భార్య చదివి చెప్పింది. ఆఖరి దీపానికి నూనె కావాలంటే తన పాత పడవ తగలబడిన చోట వెతకమంటున్నాడు. తల్లి ఆలోచించి, వీణ్ణి నమ్మొచ్చంది. బావమరిదికి నమ్మకం కుదరలేదు. అరగంట సేపు వాదన నడిచింది. ఆ అరగంటలో షాపాయనకి నావికుడెవరో, తెడ్డు ఎలా పోయి ఎలా దొరికిందో, కోటు ఎవరిచ్చారో, ఒక్కొక్కటిగా ముగ్గురూ కలిసి కథ చెప్పినట్టు చెప్పారు. ముగ్గురిలో బావమరిదికి తెలిసిందేమీ లేదు గానీ వాడూ చెప్పాడు.

ఆ రోజు ఆట పూర్తి కాలేదు. తల్లి పూర్తి కానివ్వలేదు. అయిపోతే రేపట్నుంచి ఏం చెయ్యాలని అడిగింది. దీపం వెలిగించకుండా ఆ దీవి చుట్టూనే తిప్పించింది. కోడలి ప్లాస్టరు తీసేసి, ఆవిడ మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాక, కొడుకు నేను ఆడి చూపిస్తానమ్మా అన్నా ఒప్పుకోలేదు. నువ్వు చదివేటప్పుడు మనుషుల గొంతులు రావు, అందరూ నీలాగే మాట్లాడతారు అంది. అది నిజమే కాబట్టి ఆయన ఊరుకున్నాడు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం కోడలే వెలిగించింది. పాట సాగి సాగి వినిపించింది. తల్లి కళ్ళు ఒత్తుకుంది. అలవాటు చొప్పున షాపాయన చూపు ఒక్క క్షణం తెర మూలకి పోయింది. ఇరవై ఏడు. చూపు మళ్ళీ దీపం మీదికి తిప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం బావమరిది చంకలో ఇంకో డిస్కుతో దిగాడు. ఇది ఆ తర్వాత వచ్చిన కన్సోల్‌దట, బోలెడు మనుషులూ, రాజ్యాలూ, కుట్రలూ ఉన్న ఆటట. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మన కంప్యూటర్ మీద ఏం నడుస్తుందిరా అన్నాడు.

"నడవదు బావా, పాకుతుంది," అన్నాడు బావమరిది. "అందుకే తెచ్చాను. అత్తయ్యగారికి సరిగ్గా సరిపోతుంది."

తల్లి అప్పటికే కళ్ళద్దాలు తెచ్చుకుని కూర్చుంది.