నాలో ఎవరి రక్తం

నాట్లకొచ్చిన ఆడవాళ్లకి పొలంలో అన్నాలు పెట్టి ఇంటికొచ్చేసరికి నా కంచమూ గ్లాసూ పెరట్లో కుళాయి పక్కన విడిగా బోర్లించి ఉన్నాయి. మా అత్తగారు లక్ష్మీతిరుపతమ్మ పని అది. అంతమందికి వండి వడ్డించిన చేతులకు లేని అంటు నా కంచానికి వచ్చిందట. నాకు కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ సి ఉందని అంతకుముందే తేలింది. కలిసి తింటే రాదు, రక్తం ద్వారా వస్తుంది, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుంది అని డాక్టరు చెప్పినదంతా ఇంట్లో చెప్పాను. వాళ్లకి వినపడింది రక్తం అన్న మాట ఒక్కటే.

రక్తమంటే మా ఇంట్లో పెద్ద కథ. మా పాప పుట్టినప్పుడు నాకు రక్తస్రావం ఆగకపోతే రాయచూరు తీసుకెళ్లారు. మా ఆయన బాబ్జీ బ్లడ్ బ్యాంకులో రక్తమిచ్చి వచ్చారు, నాకు ఎక్కించారు, బతికాను. అప్పట్నుంచీ కూరలో ఉప్పు తగ్గినా, పుట్టింటికి వెళ్తానన్నా అత్తగారిది ఒకటే మాట: "మా వాడి రక్తం ఎక్కించుకుని బతికినదానివి." ఎంత చాకిరీ చేసినా ఆ రక్తం ముందు తక్కువే అయ్యేది.

ఇప్పుడు జబ్బు ఆ రక్తంతోనే వచ్చిందంటే తెచ్చిపెట్టింది మా ఆయనే అయి ఉండాలి. ఆ సంగతి తట్టినప్పుడు అత్తగారి మొహం చూడాలి. కొన్నాళ్లు ఇంట్లో ఎవరూ ఆ కథ ఎత్తలేదు, మా ఆయనకి అన్నం సయించలేదు, పరీక్ష చేయించుకోవడానికీ భయపడ్డారు, నాకేమో నవ్వాపుకోవడం కష్టమైంది. ఆఖరికి ఆవిడే దారి కనిపెట్టారు. తుర్విహాళలో మా పుట్టింటివాళ్లు చెవులు కుట్టించిన సూదితో వచ్చిందట. మరిది తేజకి సంబంధం కుదిరేదాకా ఎవరడిగినా కామెర్లని చెప్పాలట.

నేను నా అంతట నేనే బ్లడ్ బ్యాంకుకి వెళ్లి జబ్బు సంగతి చెప్పాను. అక్కడి కౌన్సిలర్ అహల్య, ఆనాడు నాకు ఎక్కించిన రక్తం ఎవరిదో వెతికించి, ఆ మనిషిని పిలిపించి పరీక్ష చేయించింది. జబ్బు ఆయనకీ ఉంది. అప్పుడప్పుడే సోకింది కాబట్టి ఆనాటి పరీక్షకి అందలేదు.

"నీ మొగుని రక్తం నీకు ఎక్కియ్యలేదక్కా," అంది. "పరీక్ష చేసి తయ్యారుగ ఉన్నది నీకిచ్చిండ్రు, ఆయనది తర్వాత వేరేటోళ్లకు పోయింది. ఎప్పుడూ గిట్లనే చేస్తరు."

ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను బతికించాడు. జబ్బూ ఆయన్నుంచే వచ్చింది, అయినా ఆయన మీద కోపం రాలేదు. ఇన్నేళ్లూ నేనెవరి ముందూ తల వంచనక్కర్లేదని తెలిసి చెప్పలేనంత గర్వంగా అనిపించింది.

అహల్య ఇంకా ఆపలేదు. ఆ మనిషి రక్తంలో కొంత ఇంకొకావిడకి వెళ్లిందట. ఆవిడకీ జబ్బుంది గానీ మందులు మొదలుపెట్టనంటోంది, ఇంట్లో తెలిస్తే వెళ్లగొడతారని. నేను మాట్లాడితే వింటుందేమోనంది. కాకపోతే నేనెవరో ఆవిడకి తెలిసిపోతుంది.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. కొడుకు రక్తం కాదనగానే అత్తగారు ఊపిరి పీల్చుకున్నారు, ఆ ఊపిరితోనే వెళ్లొద్దన్నారు. తేజకి సంబంధం కుదరదట. పేరు చెప్పకుండా మాట్లాడి రమ్మన్నారు మా ఆయన.

"మొహం దాచుకున్న మనిషి ధైర్యం చెబితే ఆవిడెందుకు వింటుందండీ?" అన్నాను. నేను మాత్రల ఆఖరి డబ్బా మొదలుపెట్టి, మర్నాడు రాయచూరు బస్సెక్కాను.

ఆ రెండో ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కుని అహల్య గది గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ ఇంట్ల తెలుసా?" అంది.

"తెలుసు. వద్దన్నారు, వచ్చాను. నా పేరు తనూజ, మాది జవళగేర."

ఆవిడ మొహం మీది కొంగు తీసి, తన పేరు చెప్పింది.