హాస్కిన్స్ గారి పేపరు

డిగ్రీలో మార్కులు తక్కువని నిరుడు మెడికల్ కాలేజీ కోరిన్‌కు సీటివ్వలేదు. ఈసారి సైన్సు పాఠాలు మళ్ళీ చదివి, మంచి గ్రేడ్లతో ఇంటర్వ్యూకు వచ్చింది.

“మార్కులు బాగా పెంచావమ్మా,” అన్నాడు ఇంటర్వ్యూ చేస్తున్న డాక్టరు. “వృద్ధాశ్రమంలో హాస్కిన్స్ గారికి పేపరు చదివి వినిపించానని రెండు దరఖాస్తుల్లోనూ రాశావు. ఎలా ఉన్నారాయన?”

కోరిన్ దరఖాస్తులో రాసుకోవడానికి సరిపడా సేవ అయిందనుకుని, నిరుడే అక్కడికి వెళ్ళడం మానేసింది.

“బాగున్నారండీ,” అంది.

బయటికి రాగానే తిన్నగా ఆశ్రమానికి కారు పోనిచ్చింది.

“ఇప్పుడు గుర్తొచ్చామా తల్లీ?” అంది నర్సు గ్లెండా. “ఆయన మార్చిలోనే పోయాడు. పేపరు మేం చదువుతామంటే ఒప్పుకునేవాడు కాదు. ఆ పిల్లకి సీటొచ్చాక వస్తుంది, అప్పుడు చదివించుకుంటాననేవాడు.”