నీలకంఠం ఒరిజినల్స్

మా మరిది నీలకంఠాన్ని బజారుకి పంపడం కంటే కాకికి కబురు పెట్టడం నయం. టమాటాలకి పంపితే దారిలో నేవీ విమానం ఒకటి నెత్తిమీంచి పోతుంది. ఈయన మెడ పైకెత్తి నిలబడిపోతాడు, సంచీ కింద పడుతుంది. ఇంటికొచ్చేది టమాటాలు కాదు, చారు. "దాని ముందు చక్రం కాస్త ఆలస్యంగా లోపలికెళ్ళింది వదినా" అంటాడు, అదేదో నేను అడిగినట్టు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఆరేళ్ళుగా విశాఖపట్నం మీద తిరిగే విమానాల ఆరోగ్యం నాకు ఇలా తెలుస్తూనే ఉంది.

ఎనభై నాలుగులో మెకానికల్ ఇంజినీరింగ్ పాసయ్యాడు. పాసయిన వారానికే మద్రాసులో విమానాల పైచదువుకి, రెండేళ్ళ ఎం.ఇ.కి, దరఖాస్తు పెట్టానని చెప్పాడు. మా ఆయన గవర్రాజుగారు తింటున్న ముద్ద ఆపారు.

"అది సదివితే ఇమానం తోలతావేట్రా?"

"తోలేవాడు వేరన్నయ్యా. దాన్ని విప్పి, సరిచూసి, ఎగరొచ్చని పంపేవాడు వేరు. ఆ సరిచూసేవాళ్ళకి పాఠం చెప్పేవాళ్ళే ఎక్కువమంది లేరు. నేను ఆ పని చేస్తాను. అది కాకపోతే బెంగుళూరులో విమానాలు తయారుచేసేచోట డిజైన్ పని ఉంటుంది. విమానాలు తనిఖీ చేసే గవర్నమెంటు ఉద్యోగాలూ ఉన్నాయి."

"ఇన్ని సదువులు సదివి ఆకరికి బడిపంతులేటి!"

మా ఆయన పోర్టులో క్రేను నడుపుతారు. ఆయన లెక్కలో పైకి లేచే ప్రతిదానికీ ఒక ఇనపతాడు ఉండాలి. మా అత్తయ్య దేముడమ్మగారికీ అదే అనుమానం.

"తాడు నేకుండా అదెలాగ లెగుస్తాదిరా?"

నీలకంఠం ఆవిడ చేతిలో బియ్యం చేట ఖాళీ చేయించి పెరట్లో సముద్రపు గాలికి ఎదురుగా నిలబెట్టాడు. "గట్టిగా పట్టుకో అమ్మా. ఇప్పుడు ముందంచు కాస్త ఎత్తు." చేట చేతుల్లోంచి ఎగిరిపోబోయింది. ఆవిడ కెవ్వుమని, తర్వాత చిన్నపిల్లలా మళ్ళీ మళ్ళీ ఎత్తి చూసుకుంది. రెండు రోజులపాటు వీధిలో ఆడవాళ్ళందరికీ చేటతో పాఠం చెప్పింది. గాలికి జీతం రాదన్నారు మా ఆయన.

జీతం మాట ఊరికే రాలేదు. స్టీలుప్లాంటు కోసం అత్తయ్య పేరునున్న రెండెకరాల జీడితోట, ఇల్లు, మొత్తం ఊరే పోయింది. బదులుగా గాజువాక పక్కన కాలనీలో కాస్త జాగా, ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డు మీద ఇంట్లో ఒకరికి ప్లాంటులో ఉద్యోగం. ఒక్కరికే, ఒక్కసారే. అత్తయ్య దాన్ని దేవుడి పటం వెనకాల దాచుకుంది.

జూన్‌లో నీలకంఠం మద్రాసుకి పరీక్ష రాయడానికి వెళ్ళినప్పుడు, పోర్టులో పనిచేసే తవిటయ్య ఒక కబురు మోసుకొచ్చాడు. "బావా, ప్లాంటు ఆపీసులో ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందిచ్చినోడికే ఉద్యోగానికి ముందు నంబరంట. మా ఈదిలో అందరూ ఇచ్చీసినారు."

మర్నాడు మా ఆయన నన్ను నీలకంఠం పెట్టె తీయమన్నారు. తీశాను. ప్లాంటు ఉద్యోగానికి ఒక ఇంగ్లీషు ఫారం ఇచ్చి, "నీ రాత బాగుంటాది గదే, రాసీ" అన్నారు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి వరకే, అదీ తెలుగులో. రాశాను. కింద, అభ్యర్థి సంతకం.

"ఆడొచ్చీలోగా నంబరు పోతాది. అదీ నువ్వే ఎట్టీ."

బి.ఏ. పాసయిన దగ్గర్నుంచీ నా ఇంగ్లీషు రాతకి ఊరగాయ జాడీల మీద చీటీలు తప్ప పని దొరకలేదు. నీలకంఠం సంతకాన్ని వాడి పుస్తకాల మీద వందసార్లు చూశాను. చివరి అక్షరం కింద ఉండే తోకతో సహా దించేశాను. నిజం చెప్పొద్దూ, దించాక కాస్త దూరంగా పట్టుకుని మురిశాను కూడా. సీటు ఎలాగూ రాదనుకున్నాను. ఇంట్లో రెండో జీతం వస్తే వానకి కారే వంటింటి రేకులు మారతాయనీ అనుకున్నాను.

సీటు వచ్చింది.

జూలైలో ఒక గురువారం ఉత్తరం వచ్చింది. సోమవారం ఉదయం పది గంటలకి ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలి, లేకపోతే సీటు తర్వాతివాడికి పోతుంది. నీలకంఠం గుమ్మంలోనే చదివి, నవ్వుతూ లోపలికెళ్ళి పెట్టె తీశాడు. అడుగుదాకా వెతికి బయటికొచ్చాడు.

"అన్నయ్యా, నా సర్టిఫికెట్లేవి?"

"ఆపీసులో ఉన్నాయిరా. నీ మంచికే ఇచ్చీసేను."

"నా సంతకం లేకుండా ఎలా తీసుకున్నారు?"

మా ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. "నానే ఎట్టీసేను."

అప్పుడే నేను నోరు విప్పాల్సింది. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నాయంటూ వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యిమీద పాలు లేవు.

అత్తయ్య గొంతు మాత్రం వినబడింది. "కేనుతో సరుకెత్తినట్టు ఆడి బతుకెత్తి ఇంకోకాడ దింపీసినావురా! ఇదిగో, ఈ కార్డు ఇచ్చీసి ఆడి కాయితాలు తెచ్చీండి." అంటూ పటం వెనకనుంచి కార్డు తీసింది. తీసిందే గాని, ఎవరికీ ఇవ్వకుండా గుండెకి పట్టుకుంది. నీలకంఠం ఆ చేతినే చూస్తూ, "వద్దులే అమ్మా, ప్లాంటులోనే చేరతాను" అన్నాడు.

అన్నం తింటూ ఏ షిఫ్టు మంచిదని అన్నయ్యని మర్యాదగా అడిగాడు. తిట్టి ఉంటే నాకు ముద్ద దిగేది.

"ఒకసారి ఆఫీసులో అడిగి చూద్దాం" అన్నాను. అంతకంటే ధైర్యం చాలలేదు.

శుక్రవారం నలుగురం ప్లాంటు ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ ఈ దరఖాస్తులు చూసే నరసింహమూర్తిగారు గోదావరివైపు మనిషి. కాగితాలు నెమ్మదిగా తిప్పారు.

"సర్టిఫికెట్లు ఇవ్వచ్చండి. కానీ అభ్యర్థి తనంతట తాను వెనక్కి తీసుకుంటే కార్డు రద్దు. ఇక ఆ ఇంటికి ఉద్యోగం ఉండదు."

"ఆ సంతకం నాది కాదండి" అన్నాడు నీలకంఠం.

"ఇంకోటి దొరగ్గానే అందరూ ఆ మాటే అంటారు బాబూ. పెట్టినవాళ్ళు ఎదటికొచ్చి ఒప్పుకుంటే వేరే సంగతి. దరఖాస్తే చెల్లదు, సర్టిఫికెట్లు వెనక్కి ఇచ్చేస్తాం, కార్డుకి ఢోకా లేదు. కానీ దొంగసంతకమని కాగితం పైకి వెళుతుంది. కేసు పెడతారో, మందలించి వదుల్తారో నా చేతిలో లేదు."

"నానే ఎట్టేను బాబూ" అన్నారు మా ఆయన.

నరసింహమూర్తిగారు ఆయన ముందుకి తెల్లకాగితం జరిపారు. "ఏదీ, మళ్ళీ పెట్టండి."

మా ఆయన కలాన్ని గుప్పిట్లో బిగించారు. మొదటి అక్షరమే అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. రెండోది రాలేదు.

"ఇది మీ చెయ్యి కాదు లెండి. అబ్బాయిదే" అంటూ నరసింహమూర్తిగారు రద్దు ముద్ర కోసం సొరుగు లాగారు.

అత్తయ్య కార్డుని బల్లమీద పెట్టి, దానిమీంచి చెయ్యి తీయలేకపోతోంది. "పదండి పోదాం, నాకొద్దు సీటు" అని నీలకంఠం లేచాడు. మా ఆయన నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కిటికీ అవతల సైకిళ్ళవైపు చూస్తున్నారు. ఆయన మెడమీద చెమట కారుతోంది.

నేను కలం తీసుకున్నాను. ఆయన గీసిన అక్షరం కింద నీలకంఠం సంతకం పెట్టాను. తోక అచ్చం అలాగే వచ్చింది. అంత కష్టంలోనూ అది గమనించినందుకు సిగ్గేసింది.

నరసింహమూర్తిగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, కళ్ళజోడు తీశారు.

"ఏటే, నువ్వూరుకో" అన్నారు మా ఆయన.

"ఆయన పెట్టలేదండి. నేను పెట్టాను. పెట్టమన్నది ఆయనే, కానీ ఆ రోజు ఇంట్లో ఆ కాగితం చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఏం చేస్తున్నానో తెలిసే పెట్టాను." మరిదివైపు తిరిగాను. వాడు తలుపు దగ్గర ఆగిపోయి ఉన్నాడు. "తప్పు నాది నీలకంఠం. నిన్న చెప్పకుండా వంటింట్లో దాక్కోవడం ఇంకా పెద్ద తప్పు."