జిగురు మేడమ్, ఆగిపోయే ఫ్రీజర్

ప్రయోగశాలలో అందరూ ఆవిడని జిగురు మేడమ్ అనేవారు. ఎముక విరిగి మధ్యలో ముక్క పోయినచోట పెట్టడానికి జెల్‌తో చిన్న దిమ్మలు చేయడం ఆవిడ పని. దిమ్మలో ముప్పావు వంతు నీళ్లే. నిండా సన్నటి రంధ్రాలుంటాయి. కణాలు వాటిలో చేరి, కాపురం పెట్టి, మెల్లగా కొత్త ఎముక కట్టుకోవాలి. అంతవరకూ దిమ్మ నిలబడాలి. అదే కుదరడం లేదు. ఎముకల డాక్టరు పట్టకారుతో ఎత్తగానే రెండు ముక్కలైంది.

"దీన్ని ఎముకలో కాదమ్మా, గిన్నెలో వేసి చెంచాతో ఇవ్వాలి" అన్నాడాయన. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

అది చాలదన్నట్టు ఫ్రీజర్ ఆగిపోయింది. రంధ్రాలు పడటానికి లోపల గడ్డకట్టించిన ఇరవై దిమ్మలూ మెత్తబడ్డాయి. మెకానిక్ వచ్చి బాగుచేశానన్నాడు. దిమ్మలు మళ్లీ గడ్డకట్టాయి, మర్నాడు మళ్లీ మెత్తబడ్డాయి. రెండోసారి వచ్చాడు, అదే వరస. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ అతన్ని కడిగిపారేసింది. అతను తీగ మార్చి వెళ్లాడు. ఈసారి ఫ్రీజర్ ఆగలేదు.

మూడోసారి మెత్తబడ్డప్పుడే బయటికి తీసేసిన దిమ్మల్ని పారేసేముందు, ఊరికే ఒకదాన్ని అదిమి చూసింది. విరగలేదు సరికదా, అణిగి మళ్లీ లేచింది. బలం కొలిచే యంత్రంలో పెడితే పాతదానికి తొమ్మిది రెట్లు. గడ్డకట్టి కరిగినప్పుడల్లా లోపలి పోగులు ఒకదాన్నొకటి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాయన్నమాట. వేరే జెల్స్‌తో ఎవరెవరో చేసిన పనే. అన్నిసార్లు గడ్డకట్టి కరిగితే తన మిశ్రమం తట్టుకోదని ఆవిడే ఆ జోలికి పోలేదు.

కొత్త దిమ్మల్ని గడ్డకట్టించి బయటపెట్టి చూసింది. పగుళ్లిచ్చాయి. మూసిన ఫ్రీజర్లో అంత నిదానంగా కరగాలి కాబోలు. రాత్రింబవళ్లు కూర్చుని స్విచ్ వేస్తూ ఆపుతూ ఉండలేక మెకానిక్‌కి ఫోన్ చేసింది.

"బాగానే నడుస్తోందిగా మేడమ్?" అన్నాడు భయంభయంగా.

"నడవడమే నా బాధ. మొన్నటిలాగే మళ్లీ పాడుచేసి పెట్టండి."

అతను ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఆవిడే షాపుకి వెళ్లి, తిట్టినందుకు క్షమాపణ చెప్పి, దిమ్మ చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ వంచి, పళ్లతో కొరకబోయి ఆగాడు. సంగతంతా విన్నాక హుషారొచ్చి, ఫ్రీజర్‌కి టైమ్ ప్రకారం ఆగి నడిచే స్విచ్ బిగించాడు. రెండో విడత దిమ్మలూ అంతే గట్టిగా వచ్చాయి. ఇక కుందేళ్ల మీద పరీక్షించాలి.

పరిశోధన వ్యాసం చివర అతనికి కృతజ్ఞతలు రాస్తానంటే తెగ సంబరపడ్డాడు. ఒక్కటే బతిమాలుకున్నాడు.

"మూడుసార్లు వచ్చానని మాత్రం రాయకండి మేడమ్, గిరాకీ పోతుంది."

"మూడుసార్లన్నదే కదండీ అసలు సంగతి" అందావిడ, నవ్వాపుకుంటూ.