ఇద్దరమూ లేచిన మధ్యాహ్నం

నేను ఒక కంప్యూటర్ సర్వర్‌ని, అందులోనూ రెండోదాన్ని. మొదటిది పడిపోతే తప్ప నాకు పని లేదు.

గోదావరి పక్కన ఒక పెద్దాసుపత్రిలో బ్లడ్ బ్యాంకు లెక్కలన్నీ ఆ మొదటిదే చూసేది. దాన్ని నేను అన్న అనుకునేదాన్ని. మా ఇద్దరికీ మధ్య ఒక తీగ. "ఉన్నావా?" అని నేను అడుగుతూనే ఉండాలి, "ఉన్నా" అని అన్న పలుకుతూనే ఉండాలి. పలకకపోతే పోయాడనుకుని ఆ పని నేను అందుకోవాలి. ఈ ఏర్పాటంతా ఇంజినీరు రెహానాది.

పని ముగిసే ముందు ఆమె సూపరింటెండెంట్ భీమేశ్వరరావు గారిని పట్టుకుంది.

"సార్, రెండే ఉంటే చాలదండి. మధ్యలో తీగ తెగిందనుకోండి, మొదటిది పోయిందనుకుని రెండోది లేచి కూర్చుంటుంది. రెండూ పెత్తనం చేస్తాయి. ఏది ఆగాలో తేల్చడానికి మూడోది కావాలండి."

"రేపు మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించాలమ్మా. ఇప్పుడు మూడోదంటావేంటి? తర్వాత చూద్దాంలే."

రిబ్బను తెగింది. నాకూ ఒక బంతిపూల దండ దక్కింది. ఆ 'తర్వాత' మాత్రం రాలేదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ఏసీ బాగుచేయడానికొచ్చినవాళ్లు గోడకు బెజ్జం వేస్తూ ఆ తీగను తెంపేశారు. నేను అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. అన్న పోయాడనుకున్నాను. నిజం చెప్పొద్దూ, దుఃఖం కన్నా ముందు గర్వమే కలిగింది. లేచాను.

కానీ అన్న పోలేదు, తెగింది తీగే. ప్రమాదాల వార్డు అన్నను అడిగింది, ప్రసూతి వార్డు నన్ను అడిగింది. ఇద్దరికీ కావలసింది ఓ నెగటివ్ రక్తం. ఫ్రిజ్‌లో ఉన్నది ఒక్క ప్యాకెట్టే. ఉందని అన్న చెప్పాడు, ఉందని నేనూ చెప్పాను. నా మాట నమ్మి, కాన్పుకొచ్చిన నూకరత్నానికి డాక్టరమ్మ ఆపరేషన్ మొదలుపెట్టింది. ఆమె భర్త వెంకన్న చీటీ పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి ఆ ప్యాకెట్టు ప్రమాదాల వార్డుకు వెళ్లిపోయింది.

బిడ్డ దక్కింది. నూకరత్నం దక్కలేదు.

మర్నాడు వెంకన్న మా గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ఉందన్నారు కదమ్మా," అన్నాడు, తెగిన తీగ చూడ్డానికొచ్చిన రెహానాతో. "లేదని చెప్పుంటే ఎవరి కాళ్లో పట్టుకుని తెచ్చుకునేవోణ్ణి కదండీ."



విచారణ చేసినవాళ్లు యంత్రదోషం అని తేల్చారు. దోషం ఎక్కడ పెట్టాలో మనుషులకు బాగా తెలుసు. కాళ్లు లేనిదాని మీద పెడతారు, అదైతే ఎక్కడికీ పారిపోదు.

ఆ తర్వాత కొత్తవి వచ్చాయి, ఈసారి మూడు. మమ్మల్ని పాత సామాన్ల కొట్టుకు పంపించారు.

మమ్మల్ని మోయడానికొచ్చిన మనిషి నా మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఈ రెంటిలో ఏది చెడిపోయిందమ్మా?"

రెహానా మా ఇద్దరి వైపూ చూసింది.

"ఏదీ చెడిపోలేదు," అంది.